ఇంట్లో పిల్లి ఉండగా వీధి పిల్లిని లోపలికి తేవడం: గది సిద్ధం చేయడం నుంచి కలపడం దాకా

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత తెలుగు వీధుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పిల్లులకి పైకప్పులే రోడ్లు. ఈ చివర పెంకులెక్కిన పిల్లి నేల తాకకుండా వీధి ఆ చివరికి వెళ్లి, దారిలో నాలుగు వంటిళ్లు చూసి వస్తుంది. కాబట్టి మీరు ఇంట్లోకి తెద్దామనుకుంటున్న వీధి పిల్లి మీకు కొత్త కావచ్చు గాని, మీ ఇంటి పిల్లికి కొత్త కాదు. రెండూ ఎప్పుడో గోడ మీద ఎదురుపడే ఉంటాయి. బహుశా కొట్టుకునే ఉంటాయి. తలుపులు మూసుకుని ఉండే ఫ్లాట్ల కోసం చెప్పే పద్ధతులు ముక్కూమొహం తెలియని రెండు పిల్లుల్ని కలపడం గురించి. మన పని వేరు. పాత తగాదాలున్న రెండు పిల్లుల మధ్య హద్దులు మళ్లీ గీయాలి.

పిల్లికి స్నేహం కంటే జాగా ముఖ్యం. ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, భయమేస్తే ఎటు పారిపోవాలి అన్నవి ఖాయంగా ఉంటే పక్కన ఇంకో పిల్లిని ఓర్చుకుంటుంది. రెండూ ఒకదాన్నొకటి నాకుకుంటూ పడుకుంటాయని ఆశ పెట్టుకోకండి. ఒకే కప్పు కింద కొట్టుకోకుండా తిని పడుకుంటే చాలు, మీరు గెలిచినట్టే.

అసలు తేవచ్చా?

పట్టుకునే ముందు కొన్నాళ్లు ఊరికే చూడండి. రోజూ ఒకే వేళకి పెరట్లో తిండి పెట్టి దూరంగా కూర్చోండి. తోక నిలబెట్టి వస్తే, మిమ్మల్ని చూసి అరిస్తే, మీ ఎదుటే తింటే అది ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగి వీధిన పడ్డ పిల్లి అయ్యుంటుంది. దాన్ని మళ్లీ ఇంటికి అలవాటు చేయడం కష్టం కాదు. నేలకి అంటుకుని నడుస్తూ, అరవకుండా, మీరు లోపలికి వెళ్లాక మాత్రమే తినేది మనిషి చెయ్యి ఎరగని పిల్లి. దానితో ఓపిక కావాలి.

వయసు ఇంకా ముఖ్యం. పిల్లి కూనలు మనుషులకి తేలిగ్గా అలవాటు పడేది సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. మూడు నాలుగు నెలలు దాటి, మనిషి స్పర్శే తెలియకుండా పెరిగిన దాన్ని మచ్చిక చేయడం బాగా కష్టం. ముదిరిన గండుపిల్లి ఎప్పటికీ ఒళ్లో పడుకోకపోవచ్చు. అలాంటి పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి, పెరట్లోనే తిండి పెట్టి చూసుకోవడం నా దృష్టిలో చాలాసార్లు మెరుగైన పని. నాలుగు గోడల మధ్య పెట్టి మనం దయ చూపించామనుకుంటాం. దానికి మాత్రం అది జైలు.

వానాకాలంలో అటక మీద ఈనిన పిల్లి సంగతి మళ్లీ వేరు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు అనేది వట్టి మాట కాదు. గూడు దగ్గర అలికిడి అయితే నోట కరుచుకుని చోటు మార్చేస్తుంది. కాబట్టి మొదటి వారాల్లో అటక ఎక్కి చూడకండి. తల్లికి కింద తిండి పెట్టండి, కూనలు తమంతట తాము తినడం మొదలుపెట్టాక అందర్నీ కలిపి పట్టండి.

కొండ దగ్గరి ఊళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. చెరకు తోటలోనో పొదల్లోనో దొరికిన చారల కూనలన్నీ ఊరి పిల్లులు కావు. అడవిపిల్లి కూనలకీ చిన్నప్పుడు చారలుంటాయి. పెద్దయ్యాక పొడుగు కాళ్లు, పొట్టి తోక, చెవుల కొసన నల్లటి కుచ్చు కనిపిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతుంది, ఇంట్లో పెంచకూడదు. తల్లి చాలాసార్లు దగ్గర్లోనే వేటకి వెళ్లి ఉంటుంది. కూనల్ని అక్కడే వదిలేసి అటవీశాఖ వాళ్లకి చెప్పండి.

ముందు ఇంటి పిల్లి

కొత్తది రాకముందే మీ పిల్లి టీకాలు, ఆపరేషన్ అయిపోవాలి. పిల్లులకి వేసే ముఖ్యమైన టీకాలు రెండు. ఒకటి పాన్‌ల్యూకోపీనియా (ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు), జలుబు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌లకి కలిపి వేసే మూడు జబ్బుల టీకా. రెండోది రేబిస్. మొదటిదాన్ని మూడు నాలుగు వారాల తేడాతో మళ్లీ వేయాలి కాబట్టి కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. మన వైపు పశువుల ఆసుపత్రుల్లో ఆవులు, మేకలదే రద్దీ. పిల్లి టీకా నిల్వ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే బరంపురమో విశాఖో వెళ్లాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, రాయగడ వాళ్లకి అది భువనేశ్వర్ కంటే దగ్గర. టీకా మందు కొని తెచ్చుకోవాల్సి వస్తే ఐస్ పెట్టెలోనే తేవాలి. అది 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, గడ్డ కట్టకూడదు. జేబులో పెట్టుకుని బస్సులో తెచ్చిన టీకా వేసినా వేయకపోయినా ఒకటే.

మీది గండుపిల్లి అయ్యుండి ఆపరేషన్ కాకపోతే, అది చేయించి కనీసం నెలన్నర ఆగండి. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి ఆ మాత్రం టైం పడుతుంది. ఈలోగా ఇంకో పిల్లిని తెస్తే గోడలన్నీ ఉచ్చతో చిమ్మి పెడుతుంది. ఆడపిల్లి విషయంలో ఇంకా తొందర పడాలి. నాలుగు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనేస్తుంది.

మూసే గది

మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. పెంకుటింట్లో గోడకీ కప్పుకీ మధ్య సందు ఉంటుంది, వెంటిలేటర్‌కి అద్దం ఉండదు, స్నానాల గది తూము నుంచి కూన దూరిపోతుంది. పిల్లి తల పట్టే సందైతే మిగతా ఒళ్లు కూడా పడుతుంది. కాబట్టి వెనక కొట్టుగదినో, స్లాబు వేసిన చిన్న గదినో ఎంచుకుని, నేల మీద కూర్చుని పిల్లి ఎత్తులోంచి ఒకసారి, నిచ్చెనెక్కి ఒకసారి చూడండి. సందులన్నిటికీ కోళ్ల జాలి కొట్టించండి. దోమల జాలి పనికిరాదు, గోరు పెట్టి లాగితే చిరిగిపోతుంది. బియ్యం బస్తాల వెనక, బరువైన అల్మారా కింద దూరకుండా ఆ ఖాళీలు మూసేయండి. దాక్కునే చోటు మనం ఇచ్చిందే అయ్యుండాలి. రెండు వైపులా రంధ్రం కోసిన అట్టపెట్టె చాలు, పైన ఒక పాత చీర కప్పండి. ఎత్తులో ఒక అర కూడా ఉంచండి. భయపడ్డ పిల్లి పైకి ఎక్కాలని చూస్తుంది.

లిట్టర్ ట్రేలో (పిల్లి మలమూత్రాలకి పెట్టే పళ్లెంలో) కొన్న గుళికలు పోస్తే వీధి పిల్లికి అదేమిటో అర్థం కాదు. మొదట పెరటి మట్టి, నది ఇసుక కలిపి పోయండి. నాగావళి, వంశధార, మహేంద్రతనయ ఒడ్డున ఉన్నవాళ్లకి ఇసుకకేం తక్కువ? అలవాటయ్యాక మెల్లగా మీకు కావలసింది కలుపుకుంటూ మార్చండి. ట్రే, తిండి, నీళ్లు మూడూ విడివిడిగా దూరంగా ఉండాలి.

ఫినాయిల్ ఈ గదిలోకి రానివ్వొద్దు, ఇల్లంతటికీ మానేస్తే ఇంకా మంచిది. పిల్లి కాలేయం ఆ మందుల్ని అరాయించుకోలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా విషమే. పైగా పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు, మామూలు ఫినాయిల్‌కి చావదు. ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు 32 వంతులు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి, ఆరాకే పిల్లిని వదలాలి. బీరువాలో నాఫ్తలీన్ గోళీలు కూడా తీసేయండి.

పట్టుకోవడం, ఒకే రోజులో అన్నీ

గోనె సంచి వేసి పట్టే పద్ధతి వదిలేయండి. పిల్లికి ఊపిరాడదు, మీ చేతులు చీలిపోతాయి. తిండి తినడానికి లోపలికి వెళ్తే తలుపు పడిపోయే బోను కావాలి. వెల్డింగ్ షాపులో ఇనుప జాలితో చేయించుకోవచ్చు. తలుపు కట్టేసి రెండు మూడు రోజులు అందులోనే తిండి పెట్టి అలవాటు చేయండి. తరువాత ఒక పూట పస్తు పెట్టి, తలుపు విడిచి పెట్టండి. ఎరగా నూనెలో ఉన్న చేప గాని, వేయించిన ఎండు నెత్తళ్లు గాని వాసనకి బాగా పనిచేస్తాయి. పడగానే దుప్పటి కప్పేయండి, చీకట్లో పిల్లి సద్దుమణుగుతుంది.

కార్తీక మాసం దీనికి మంచి అదును. చాలా ఒడియా ఇళ్లలో, మన ఇళ్లలోనూ ఆ నెల నీసు వండరు. చేప ముక్కలకి అలవాటు పడ్డ వీధి పిల్లులు ఆకలితో తిరుగుతుంటాయి. పౌర్ణమి మర్నాడు, మళ్లీ నీసు తినడం మొదలుపెట్టే ఛాడఖాయి నాటికి వీధంతా మళ్లీ చేపల వాసనే, ఇక మీ బోను వంక చూసే పిల్లి ఉండదు. దీపావళి మోతల రోజులు మాత్రం తప్పించండి. బరంపురం వాళ్లు రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో కూడా ఈ పని పెట్టుకోవద్దు.

మళ్లీ పట్టుకోవడం దాదాపు అసాధ్యం కాబట్టి మత్తు ఇచ్చిన ఆ ఒక్కసారే డాక్టరు చేత అన్నీ చేయించుకోవాలి: ఆపరేషన్, రెండు టీకాలు, నులిపురుగుల మందు, గెంతే పేలకి మందు, చెవుల పరీక్ష. దొరికితే ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్), ఎఫ్‌ఇఎల్‌వీ (పిల్లుల ల్యుకేమియా వైరస్) రక్త పరీక్షలు కూడా. ఈ రెండు వైరస్‌లు మనుషులకి రావు గాని, మొదటిది ముఖ్యంగా కాట్ల వల్ల, రెండోది ఎక్కువగా ఉమ్మి వల్ల మీ పిల్లికి అంటుకోగలవు. కుక్కల పేల మందు, ముఖ్యంగా పెర్మెత్రిన్ ఉన్నది, పిల్లికి రాయకండి. అది పిల్లిని చంపుతుంది. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ముక్క వేసినా అంతే.

మొదటి రెండు వారాలు

గదిలో వదిలాక మొదటి రోజు అది తినకపోవచ్చు. రెండు రోజులు దాటినా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి చెప్పాలి, పస్తున్న పిల్లికి కాలేయం త్వరగా దెబ్బతింటుంది. రెండు వారాల లోపు రెండు పిల్లుల్నీ కలపవద్దు, జాలి చాటున కూడా. ఏదైనా జబ్బు లోపల ఉంటే బయటపడే గడువు అది. ఆ గదిలోకి వెళ్లొచ్చాక చేతులు కడుక్కోండి, లోపలికి వేరే చెప్పులు ఉంచుకోండి.

ఈ రోజుల్లో మీరు చేయాల్సింది కూర్చోవడం. వేళకి తిండి తీసుకెళ్లి, నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, పేపరో ఫోనో చూస్తూ మెల్లగా మాట్లాడండి. సూటిగా కళ్లలోకి చూడొద్దు, చూపు కలిస్తే నెమ్మదిగా రెప్ప వేసి తల తిప్పండి. తిండి ఎప్పుడూ గిన్నెలో పడి ఉండకూడదు. మీరొస్తే తిండి వస్తుందని దానికి తెలియాలి. చీపురు పుల్లకి గుడ్డపీలిక కట్టి దూరం నుంచి ఆడించండి, చెయ్యి కంటే ముందు పుల్లకి అలవాటు పడుతుంది.

తిండి గురించి ఒక మాట. పాలన్నం పిల్లికి సరిపోదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనాలవుతాయి. ఉడికించిన చేప, కోడి మాంసం కూరలో వేయకముందే తీసి పెట్టండి, ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. ఉడికిన ఎముకలు వద్దు. ఎండు చేప ఎరకి బాగుంటుంది గాని రోజూ పెడితే ఉప్పు ఎక్కువ.

వాసన, తరువాత జాలి

పిల్లి ముక్కుతోనే ఎవరిది ఏ జాగా అని తేల్చుకుంటుంది. కాబట్టి చూపు కంటే ముందు వాసన కలపాలి. కొత్త పిల్లి పడుకున్న గుడ్డని తెచ్చి ఇంటి పిల్లి తిండి గిన్నెకి కొంచెం దూరంలో పరవండి. ఇంటి పిల్లి గుడ్డని కొత్తదానికి ఇవ్వండి. వాసన చూసి పట్టించుకోకుండా తినడం మొదలుపెడితే ఆ గుడ్డని రోజూ కొంచెం గిన్నె దగ్గరికి జరపండి. గుడ్డ మీదే బుస కొడితే తొందరపడకండి, దూరం పెంచి ఇంకో వారం ఆగండి. తరువాత రోజుకి అరగంట చోట్లు మార్చండి: ఇంటి పిల్లిని పెరట్లో ఉంచి కొత్తదాన్ని మిగతా ఇల్లు చూడనివ్వండి, ఇంటి పిల్లిని దాని గదిలోకి వెళ్లి మూలమూలా వాసన చూడనివ్వండి.

గుడ్డలు, గదులు మామూలైపోయాక మూసిన తలుపుకి చెరో వైపు తిండి పెట్టండి. మొదట ఆరేడు అడుగుల దూరం, రోజుకి ఒక జానెడు దగ్గరికి. రెండూ తలుపు పక్కనే ప్రశాంతంగా తింటున్నాయంటే చెక్క చట్రానికి కోళ్ల జాలి బిగించి తలుపు చోట పెట్టించండి. వడ్రంగికి ఒక పూట పని. మొదట దాని మీద దుప్పటి వేలాడదీసి, కింది నుంచి నాలుగు వేళ్ల మేర మాత్రమే ఎత్తండి. తింటున్నంత సేపే కనబడాలి, తినడం అవగానే మళ్లీ దించేయాలి. తినడం ఆపి కదలకుండా గుడ్లప్పగించి చూడటం, చెవులు వెనక్కి అదమడం, తోక లావెక్కడం కనబడితే ఒక మెట్టు వెనక్కి. ఒకటి రెండు బుసలు మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

ఈ మెట్టు దగ్గర జనం సహనం తప్పుతారు. "వాటినే తేల్చుకోనివ్వండి, ఒకసారి కొట్టుకుంటే సరిపోతుంది" అని పక్కింటి పెద్దలు సలహా ఇస్తారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం. వీధి పైకప్పు మీద తలదించుకుని పోయే మీ పిల్లి, సొంత గుమ్మం దగ్గర ప్రాణానికి తెగించి కొడుతుంది. ఒక్క గట్టి పోట్లాట జరిగితే రెండూ ఆ భయాన్ని నెలల తరబడి మరిచిపోవు.

ఎదురెదురుగా

జాలి మీది దుప్పటి పూర్తిగా ఎత్తేసి ఉన్నా వారం పది రోజులు గొడవ లేకపోతే అప్పుడు జాలి తీయండి. ఇద్దరు మనుషులుండాలి, రెండు పిల్లులూ సగం తిని ఉండాలి, రెండింటికీ పారిపోయే దారి తెరిచి ఉండాలి. ఒకదాన్ని ఎత్తుకుని ఇంకోదాని దగ్గరికి తీసుకెళ్లడం అస్సలు వద్దు. మొదటిసారి అయిదు నిమిషాలు చాలు. మంచిగా ఉండగానే విడదీయండి.

దగ్గర ఒక పెద్ద అట్టముక్క ఉంచుకోండి. కళ్లు కలిసి బిగుసుకుపోతే మధ్యలో దాన్ని దించండి, చూపు తెగితే సగం కోపం పోతుంది. నిజంగా కలబడితే చెయ్యి పెట్టకండి, దుప్పటి విసిరేయండి. విడదీశాక కోపంగా ఉన్న పిల్లిని ఎత్తుకోవద్దు, మిమ్మల్నే కరుస్తుంది. చీకటి గదిలో వదిలి కొన్ని గంటలు ఆగి, మర్నాటి నుంచి మళ్లీ జాలి మెట్టు.

రాత్రిళ్లు, మీరు ఇంట్లో లేనప్పుడు కొన్ని వారాలు విడిగానే ఉంచండి. తిండి గిన్నెలు వేరు, నీళ్లు రెండు చోట్ల, ట్రేలు మూడు. ట్రేకి వెళ్లే దారిలో ఒకటి పడుకుని రెండోదాన్ని ఆపుతుందేమో గమనించండి. అరుపులు లేని ఈ బెదిరింపు మన కంటికి ఆనదు, కాని పరుపుల మీద ఉచ్చ పోయడం ఎక్కువగా దీనివల్లే. ఇంటి పిల్లి తిండి వేళ, పడుకునే చోటు ఏవీ మార్చకండి. తరువాతెప్పుడైనా ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తెస్తే ఆ వాసనకి రెండోది గుర్తుపట్టక మీద పడొచ్చు. ఒక పూట విడిగా ఉంచి కలపండి.

మగపిల్లి ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అది మలబద్ధకం అనుకోకండి. టెన్షన్‌లో ఉన్న మగపిల్లులకి మూత్రనాళం మూసుకుపోవడం ఉంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అప్పటికప్పుడు డాక్టరు.

కరిస్తే, గీరితే

పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం దగ్గర ఇచ్చే సీరం కూడా కావాలేమో అడగండి. పిల్లికి టీకా వేయించామని మీ టీకా మానొద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే ట్రే శుభ్రం చేసే పని వేరేవాళ్లు తీసుకోవాలి, రోజూ తీయాలి. కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి పిల్లి మలంలో ఒకటి నుంచి అయిదు రోజుల మధ్య అంటుకునే దశకి వస్తుంది. పిల్లల ఒంటి మీద గుండ్రటి తామర మచ్చ కనబడితే పిల్లిని కూడా చూపించండి.

కుదరకపోతే

నెలలు గడిచినా కొత్తది గదిలోంచి రాకపోతే, బరువు తగ్గితే, లేదా మీ పాత పిల్లి ఇల్లు వదిలి పైకప్పుల మీదే ఉండిపోతే ఆపేయండి. ఆపరేషన్, టీకాలు అయిన పిల్లిని పెరటి పిల్లిగా ఉంచడం ఓటమి కాదు. గది తలుపు ఒక రోజు తెరిచి తనంతట తను బయటికి వెళ్లనివ్వండి. వాన తగలని అరుగు మూలన అట్టపెట్టె, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టిన గిన్నె, పొద్దుగూకక ముందే తిండి చాలు. వేరే ఊరి చివర వదిలేసి రావడం మాత్రం చేయొద్దు. ఆ ఊరి పైకప్పులకి వేరే పిల్లులుంటాయి. మీరు ఎక్కడ పట్టారో అక్కడే వదలండి.